నేను చూడకుండా టిక్కు పెట్టిన గోలీలు

మెదక్ పట్టణ ఆరోగ్య కేంద్రంలో హెల్త్ సూపర్‌వైజర్‌గా నా చివరి పోస్టింగు. పదవీ విరమణకు రెండేళ్లుందనగా, ఆ వానాకాలం మొదట్లో, మున్సిపాలిటీలో మోరీలు, అంటే మురుగు కాలువలు, తీసే పనివాళ్లకు ఎలుక జ్వరం రాకుండా మందు మింగించే పని నాకు అప్పజెప్పారు. మా కాగితాల్లో దాని పేరు లెప్టోస్పైరోసిస్. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లలో, బురదలో దిగేవాళ్లకు కాలి పగుళ్ల గుండా ఒంట్లోకి పోతుంది. ముదిరితే మూత్రపిండాలు, కాలేయం దెబ్బతింటాయి, మనిషి దక్కడం కష్టం.

పద్ధతి చిన్నదే. ప్రతి సోమవారం పొద్దున హాజరు వేసే చోట, టిఫిన్ తిన్నాక, డాక్సీసైక్లిన్ గోలీలు మా ముందే మింగాలి. కళ్లతో చూశాకే రిజిస్టర్‌లో పేరుకెదురుగా టిక్కు పెట్టి, కింద నేను సంతకం చేయాలి. ఆ మందు వారం కాస్తుంది, అంతే.

మొదటి సోమవారమే నర్సింలు నన్ను పట్టుకున్నాడు. ఇరవై ఏళ్లుగా మోరీలు తీస్తున్న మనిషి, అడగాల్సింది అడక్కుండా వదలడు. వాళ్లింట్లో కుక్క ఉంది. దానికి పశువుల డాక్టరు వేసిన సూదిలో ఈ జబ్బుకూ మందుందట, ఏడాది దాకా ఫికర్ లేదన్నాడట.

"కుక్కకు సూది ఉన్నది, మాకు లేదా సార్?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కొన్ని దేశాల్లో ఇలాంటి పనివాళ్లకు టీకా ఉందని, మన దగ్గర దొరకదని, ఉన్నచోట కూడా అది జన్మంతా కాయదు కాబట్టి మళ్లీ మళ్లీ వేస్తారని చెప్పాను. మరి ఈ గోలీ ఎన్ని దినాలు అన్నాడు. వారం అన్నాను. ఎందుకు వారమేనో చెప్పలేదు. వెనక లైనుంది, నా తొందర నాది.

ఎనిమిది వారాలు సవ్యంగా నడిచింది. తొమ్మిదో సోమవారం నన్ను నిజాంపేట దిక్కు డెంగీ సర్వేకు పంపారు. గోలీలు శానిటరీ జవాను చేతిలో పెట్టాను. పనివాళ్లకు హాజరు వేసి పని పంచేది అతనే. సాయంత్రం వచ్చి అడిగితే అందరికీ ఇచ్చిన అన్నాడు. వరసగా టిక్కులు పెట్టి సంతకం గీకాను. పదో వారమూ అంతే. అందరూ చేసేదేలే అనుకున్నాను.

ఆ గురువారం పొద్దున ప్రభుత్వ దవాఖాన నుంచి డ్యూటీ డాక్టరమ్మ ఫోన్ చేసింది. నర్సింలు సోమవారం సాయంత్రం నుంచి జ్వరంతో ఉన్నాడు, డెంగీ లేదని వచ్చింది. ఆమె అడిగింది ఒక్కటే: వారం వారం గోలీ మింగుతున్నాడా? మింగుతుంటే ముందు వేరే జబ్బులు చూస్తానంది.

రిజిస్టర్ నా ముందే ఉంది. నర్సింలు పేరుకెదురుగా పది టిక్కులు. చూసి చెప్తానమ్మా అని ఫోన్ పెట్టేశాను. అవునంటే నా సర్వీసు పదిలం. కాదంటే తప్పుడు రికార్డు కింద మెమో, దిగిపోయే ముందు ఎంక్వైరీ. దాచేదేముంది, ఓ పావుగంట నేను భయపడింది నా గురించే. అది తలుచుకుంటే ఇవాళ్టికీ సిగ్గనిపిస్తుంది.

స్కూటర్ తీసుకుని వార్డుకు పోయాను. నర్సింలు కళ్లు ఎర్రగా ఉన్నాయి. పిక్క మీద చెయ్యి ఆనించగానే విలవిల్లాడిపోయాడు. ఈ రెండూ మాకు శిక్షణలో చెప్పిన గుర్తులే. గోలీల సంగతి అడిగితే మొహం తిప్పుకున్నాడు. చెప్పింది భార్య యాదమ్మ.

"ఈ రెండు వారాలయి నాకే తెచ్చిచ్చిండు సార్. ఎల్దుర్తి దిక్కు నాట్లకు పోతున్నవు, బురదల దిగుతవు, నువ్వేసుకో అన్నడు."

నర్సింలు మెల్లగా అందుకున్నాడు. "ఎనిమిది వారాలు మింగిన గద సార్. కుక్కకు ఒక్క సూది ఏడాది కాస్తది. గిన్ని గోలీలు ఈ వానకాలమన్న కాయవా అనుకున్న."

టీకా ఒంటికి పోరాటం నేర్పుతుంది, ఆ నేర్పు కొన్నాళ్లు నిలుస్తుంది. గోలీ ఏమీ నేర్పదు, ఒంట్లో ఉన్నన్నాళ్లే పని చేస్తుంది. ఈ రెండు ముక్కలు మొదటి సోమవారమే చెప్పడానికి నాకు నోరు రాలేదు.

డాక్టరమ్మ దగ్గరికి పోయి, రెండు వారాలు నేను చూడలేదు, టిక్కులు నావే, అతను మింగలేదు అని చెప్పాను. ఆమె నర్సును పిలిచి అప్పటికప్పుడే ఆ జబ్బుకు ఇంజెక్షన్ మొదలుపెట్టించి, రక్తం పరీక్షకు పంపింది. మధ్యాహ్నానికి మూత్రం తగ్గింది. సాయంత్రానికి కళ్లు పచ్చబడ్డాయి. హైదరాబాద్ పెద్ద దవాఖానకు రాశారు. అంబులెన్సు ఎక్కుతూ యాదమ్మ, బతుకుతడా సార్ అంది.

ఆరు రోజులు అన్నం సయించలేదు. డయాలసిస్ మీద పెట్టారని ఒకసారి, పరీక్షలో ఎలుక జ్వరమేనని తేలిందని ఒకసారి తెలిసింది. ఏడో రోజు యాదమ్మే ఫోన్ చేసి, మూత్రం మంచిగ వస్తున్నది సార్ అంది. బస్టాండు దగ్గర స్కూటర్ ఆపి, మొహానికి రుమాలు అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

మెమో వచ్చింది. ఉన్నదున్నట్టు రాసిచ్చాను, శిక్ష పడింది, పడాల్సిందే. పనివాళ్ల ఇళ్లలో నాట్లకు పోయే ఆడవాళ్ల పేర్లు కూడా జాబితాలో చేర్చమని రాస్తే, కొన్నాళ్లకు ఒప్పుకున్నారు. రిజిస్టర్‌లో 'ఇచ్చినది' అన్న కాలమ్ కొట్టేసి, 'మింగగా చూసినది' అని నేనే నా చేతులతో రాశాను.

నర్సింలు మళ్లీ పనిలోకి వచ్చిన సోమవారం, గోలీలు మింగి, అడక్కుండానే నోరు తెరిచి చూపించాడు. "ఎన్ని దినాలు సార్?" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఏడు దినాలు అని, ఎందుకో కూడా చెప్పి, అప్పుడు టిక్కు పెట్టాను.

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు ఆ మందు ఎన్నాళ్లు కాస్తుందని నన్నిప్పటికీ అడుగుతుంటారు. కళ్లతో చూసి మింగించిన గోలీకి ఏడు రోజులు. రిజిస్టర్‌లో మాత్రమే మింగిన గోలీకి ఒక్క రోజు కూడా లేదు.