ఇసుర్రాళ్ల పహిల్వాన్

డెబ్బైలలో మాట. మాది ఖాజాగూడ. నాకింకా పెళ్లి కాలేదు. మా అన్న ఊరి తాలీంలో కుస్తీ నేర్చుకుంటూ, తనంత పహిల్వాన్ లేడని విర్రవీగేవాడు. ఒకనాడు అమ్మ ఇసుర్రాయి పైరాయినీ, పక్కింటివాళ్లదీ ఎత్తుకొచ్చి ఇనుప గొట్టానికి చెరో కొసన బిగించాడు. అదీ ఆయనగారి బార్‌బెల్! దాన్ని భుజాల మీద పెట్టుకొని, కుస్తీవాళ్లు ఒట్టి ఒంటితో తీసే బైఠక్‌లాగే మునివేళ్ల మీద కూర్చొని లేచేవాడు.

"అన్నా, మడిమెలు నేలకు ఆనిచ్చి కూసో. గిన్నెలు తోమేటప్పుడు మేం గట్లనే కూసుంటం. ఎన్నడన్న పడ్డమా?" అన్నాను.

"పహిల్వాన్‌కు గిన్నెలు తోముడు నేర్పుతవా? పో, పో!" అన్నాడు.

అన్నకు పిల్లనిచ్చేవాళ్లు చూడవచ్చిన రోజున ఆ మహానుభావుడు వాకిట్లో ప్రదర్శన పెట్టాడు. కిందికి దిగగానే మునివేళ్లు వణికి బోర్లా పడ్డాడు. గొట్టం తల మీదుగా జారింది. ఊడిన రాయి దొర్లుకుంటూ మంచం మీదున్న పిల్ల తండ్రి కాళ్ల మీదికే వచ్చింది. ఆయన చటుక్కున కాళ్లు పైకి లాక్కున్నాడు. రాయి తగిలి మంచం కోడు విరిగింది.

"నా బిడ్డను ఈ ఇంట్ల ఇయ్య!" అని ఆయన వెళ్లిపోయాడు.

నెల తిరక్కుండానే అన్న తాలీంలో కొత్తవాళ్లకు పాఠం మొదలుపెట్టాడు. "మడిమెలు నేలకు ఆనాలె. ఇది నేను కనిపెట్టిన కిటుకు!"

పుట్టి బుద్ధెరిగి ఒక్క గిన్నె తోమనివాడికి ఆ కిటుకెలా తెలిసిందని ఒక్కరైనా అడగలేదు.