రెండు ఎడమ సిలిండర్లు

ఈ కథలో ప్రాణనష్టం లేదు. ముందే చెప్పేస్తే పాఠకులు స్థిమితంగా చదువుతారు. పోయిందల్లా పిడికెడు కంచు, దానితోపాటు నా ఇంజనీరింగు పట్టా మీద మా వాడకు ఉన్న కాస్త నమ్మకం.

కాజీపేటలో మా పక్కింటి యాకూబ్ చాచా రైల్వే షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఏళ్ల తరబడి తన చేతుల మీదుగా బాగుపడిన ఆవిరి ఇంజనును పాతసామానుగా విప్పేసిన రోజున, పై అధికారిని అడిగి అందులోని ఒక కంచు ముక్క తెచ్చుకున్నాడు. గుడ్డలో చుట్టి బీరువాలో దాచుకున్నాడు. నేను మూరెడు పొడవుండే ఆవిరి ఇంజను తయారు చేస్తున్నానని తెలిసి, ఒక ఆదివారం ఆ మూట తెచ్చి నా లేతు మిషను పక్కన పెట్టాడు.

"దీంతోని సిలిండర్లు చెయ్యి బిడ్డా. మా బండిది గీ ముక్కన్న మళ్ల ఆవిరి తాగాలె."

కావలసినవి రెండు సిలిండర్లు. ముక్క సరిగ్గా రెండింటికే వస్తుంది. అందుకే కొయ్యకముందు చాచా నన్ను ఆపాడు. ఏది కుడిదో ఏది ఎడమదో సుద్దతో రాసుకొమ్మన్నాడు. షెడ్డులో అట్లా రాయకుండా ఎవరూ చెయ్యి పెట్టేవారు కాదట.

"చాచా, నేను మెకానికల్ చదివిన," అన్నాను.

ఈ మాట ఇంకెవరైనా అని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

డ్రాయింగులో ఉన్నది ఒక్క సిలిండరు బొమ్మ. పక్కన రెండు చేయాలని రాసి ఉంది. చేశాను. ఏడు ఆదివారాలు, వెంట్రుకవాసి తేడా లేకుండా. పక్కపక్కన పెడితే కవలల్లా ఉన్నాయి. ఇంజనుకు కావలసింది కవలలు కాదు, చెప్పుల జత లాంటిదని అప్పటికి నాకు తట్టలేదు.

బిగించే రోజున చాచా ఉతికిన లాల్చీ తొడుక్కుని వచ్చాడు. ఎడమది చక్కగా కూర్చుంది. రెండోదాని ఆవిరి రంధ్రం లోపలికి చూడాల్సింది పోయి వీధిలోకి చూస్తోంది. తిప్పితే ముందు భాగం వెనక్కి పోయింది. బోర్లిస్తే అడుగు పైకొచ్చింది. చివరికి ఇంజనునే తిప్పి చూశాను.

చాచా దాన్ని అరచేతిలో పెట్టుకుని, మొదటిదాని పక్కకు పట్టి చూశాడు.

"రెండూ ఎడమయే గదా బిడ్డా."

"అవును చాచా."

"పని మాత్రం సాఫ్‌గ చేసినవ్."

తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. కొత్త కంచు తెస్తానన్నాను. కంచు దొరుకుతుంది కానీ ఆ బండి దొరకదు కదా అన్నాడు. తర్వాత తనే కుడివైపు ఆవిరి గొట్టానికి బిరడా బిగించాడు. దారిలో ఒకవైపు చెడిపోతే, ఒంటి సిలిండరు మీద షెడ్డుకు చేరిన బండ్లు ఆయన చాలా చూశాడట.

ఆవిరి పట్టించాం. ఇంజను కదల్లేదు. చాచా చూపుడువేలితో చక్రాన్ని కాస్త తోశాడు. అప్పుడు కదిలి, గది ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆవిరి వల్ల కావచ్చు, నేను అడగలేదు.

"ఇంజన్ మంచిగనే ఉన్నది," అన్నాడు. "ఇంజనీరునే జర తొయ్యాలె."

మిగిలిన సిలిండరు మళ్లీ గుడ్డలో, బీరువాలో ఉంది. దాని మీద సుద్దతో 'ఎడమ' అని చాచా స్వయంగా రాశాడు.

దాని సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: కుడి, ఎడమ రాసుకోనిదే ఇకమీదట ఏ జతనూ ముట్టుకోను. ప్రస్తుతం నా చెప్పుల మీద కూడా రాసే ఉంది.