మనమా, మేమా?

మెట్రో రైలు పంజాగుట్టలో ఆగి తలుపులు తెరుచుకోగానే, తడిసిన దుమ్ము వాసనతో పాటు ఒక తల్లీ కూతురూ లోపలికి వచ్చారు. బయట తొలకరి చినుకులు మొదలైనట్టున్నాయి. తల్లి బుర్ఖా కొసల మీద నీటి చుక్కలు మెరుస్తున్నాయి. కూతురు బడి ఈడు పిల్ల. వాళ్ళమ్మ ఫోన్ చెవికి ఆనించుకుని ఆ పిల్ల స్నేహితురాలెవరితోనో తెలుగులో గట్టిగా చెబుతోంది: "మనం మియాపూర్ పోతున్నం, మా ఖాలా ఇంటికి. నువ్వు ఇయ్యాల రాకు, ఇంట్లనే ఉండు." మనం పోతున్నప్పుడు ఆ స్నేహితురాలు ఇంట్లో ఎలా ఉంటుంది? నాకు నవ్వు ఆగలేదు. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో మనం అన్నా మేము అన్నా ఒకటే మాట, 'హమ్'. అందుకే తెలుగులోకి వచ్చేసరికి ఆ రెండూ కలగాపులగం అవుతాయి. ఈ సంగతి నాకు చెప్పింది నస్రీన్ మేడమ్, నాకు స్పానిష్ నేర్పిన మనిషి. ఎన్నాళ్ళ తర్వాతో ఆవిడ గొంతు అంత స్పష్టంగా వినిపించేసరికి, దిగాల్సిన పనేమీ లేకపోయినా అమీర్‌పేట స్టేషన్ రాగానే లేచి నిలబడబోయాను.

అప్పుడు మెట్రో లేదు. సాఫ్ట్‌వేర్ మంచి ఊపు మీద ఉన్న రోజులు. అమీర్‌పేటలో ప్రతి మేడకీ పైనుంచి కిందిదాకా జావా, ఒరాకిల్, టెస్టింగ్ అని బ్యానర్లు వేలాడేవి. చేతిలో కరపత్రం పడకుండా రోడ్డు దాటడం ఎవరి తరమూ కాదు. నేనూ టెస్టింగ్ కోర్సు పూర్తి చేసి, హాస్టల్‌లో ఉంటూ, ఇంటర్వ్యూలకు వెళ్ళి రావడమే ఉద్యోగంగా బతుకుతున్నాను. మాది నేతపనివాళ్ళ ఊరు. బాపు దర్జీ. ఆయన తమ్ముడు, మా కాక, వాగు ఒడ్డున నూలుకు రంగులద్దే కార్ఖానా నడిపేవాడు. "బోనాల దాంక చూద్దం బిడ్డా. గప్పటికి గూడ కాకుంటె ఇంటికొచ్చి కాక కార్ఖాన చూసుకో" అని బాపు నెమ్మదిగానే చెప్పాడు. కోపంతో అన్నా బాగుండేది, ఎదురు చెప్పేదాన్ని. నాకేమో ఈ నగరం తెగ నచ్చేసింది. పొద్దున్నే బండి దగ్గర నిలబడి ఇడ్లీ తింటుంటే ఎవరి బిడ్డవని అడిగేవాళ్ళు లేని ఊరు ఇది. అలాంటి సమయంలో హాస్టల్‌లో ఒకమ్మాయి చెప్పింది, పంజాగుట్టలో ఒక కంపెనీ స్పానిష్ వచ్చినవాళ్ళను తీసుకుంటోందని. దక్షిణ అమెరికా నగరాల్లో చెత్త తీయలేదని, మురుగు పొంగిందని, పొగ వస్తోందని జనం చేసే ఫిర్యాదులను ఇక్కడ కూర్చుని ఫోన్‌లో అందుకోవాలట. పరీక్ష కూడా పర్యావరణం గురించి స్పానిష్‌లో మాట్లాడించడమేనట. జావా రానిదానికి స్పానిష్ ఎక్కణ్ణుంచి వస్తుందని హాస్టల్ మొత్తం నవ్వింది. నేనూ నవ్వాను, కానీ మర్నాడే వెళ్ళి స్పానిష్ క్లాసులో చేరాను.

నస్రీన్ మేడమ్ క్లాసు అమీర్‌పేటలోనే ఒక జిరాక్స్ దుకాణం పైన ఉన్న ఒంటి గదిలో. కింది మిషన్ల వేడి నేలలోంచి పైకి వచ్చి, చెప్పులు విడిచి కూర్చుంటే అరికాళ్ళు వెచ్చగా ఉండేవి. ఆవిడ పంజాగుట్టలోనే పుట్టి పెరిగారు. పెళ్ళయ్యాక భర్తతో కానరీ దీవులకు వెళ్ళారు. అవి స్పెయిన్ దేశానివి, ఆఫ్రికా పక్కన సముద్రంలో ఉంటాయి. అక్కడ ఒక సింధీ సేఠ్ కొట్టులో ఆయనకు ఉద్యోగం. వాళ్ళున్న దీవిలో ఏరు లేదు, చెరువు లేదు. సముద్రపు నీటిలోని ఉప్పును మిషన్లతో తీసేసి తాగేవారట. పక్కింటి ముసలమ్మ దగ్గర మాటలూ, సాయంత్రపు బడిలో వ్యాకరణమూ నేర్చుకుని, భర్త పోయాక తిరిగి వచ్చి ఈ గది అద్దెకు తీసుకున్నారు. తిరిగొచ్చిన రోజు బస్సులోంచి హుస్సేన్ సాగర్ చూసి ఏడ్చానని ఒకసారి చెప్పారు. అన్ని నీళ్ళు ఒక్కచోట చూసిన సంతోషంతో ఏడుస్తూనే, వాసనకు ముక్కు మూసుకున్నారట. ఆవిడ అలాగే ఉండేవారు, ఒకే మాటలో ఏడిపించి నవ్వించేవారు. ఫ్లాస్కులో చాయ్, మెళ్ళో దారానికి వేలాడే కళ్ళద్దాలు, తప్పు మాట వినబడితే పైకి లేచే కుడి కనుబొమ్మ. ఆ కనుబొమ్మంటే మాకు హడల్.

మొదటి రోజే ఇంగ్లీషును చెప్పులతో పాటు గడప బయట వదిలి రమ్మన్నారు. "ఇంగ్లీష్ల 'ఐ' లేకుంటె బండి కదలదు. తెలుగుల 'వస్తున్న' అంటె చాలు, ఎవరొస్తుండ్రో తోకల్నే ఉంటది. స్పానిష్ సుత గంతే" అన్నారు. అబ్లో అంటే మాట్లాడతాను, అబ్లాస్ అంటే మాట్లాడతావు, అబ్లామోస్ అంటే మాట్లాడతాము. మన 'ము'కు వాళ్ళ 'మోస్' అని బల్ల మీద తాళం వేస్తూ పాడించేవారు. ఇంగ్లీషు ఇంటర్వ్యూ అంటే నాలుక మడతపడే నాకు, తెలుగు తోకలు పట్టుకుని స్పానిష్‌లోకి దిగడం ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. బసూరా అంటే చెత్త, ఊమో అంటే పొగ, అల్కంతరీయా అంటే మురుగు కాలువ. ఆ చివరి మాటలో అరబ్బీ ఉందనీ, వంతెన అనే అర్థం నుంచి వచ్చిందనీ చెప్పేటప్పుడు ఆవిడ ముఖం పుట్టింటివాళ్ళు కనబడినట్టు వెలిగేది. హాస్టల్ మెట్లు దిగుతూ, షేర్ ఆటోలో ఇరుక్కుని కూర్చుని, ఈ మాటలే నెమరేసుకునేదాన్ని.

బోనాలు దగ్గర పడుతున్నాయి. బల్కంపేట ఎల్లమ్మ గుడి వైపు పందిళ్ళు లేస్తుంటే అందరికీ పండగ, నాకు గడువు. ఆ వారం మేడమ్ మమ్మల్ని వరసగా లేపి, మీ ఊళ్ళో నీళ్ళకు ఏమైందో చెప్పమన్నారు. అందరిదీ ఒకటే వాక్యం: కొంతామినాన్ ఎల్ అగ్వా, నీళ్ళను పాడు చేస్తున్నారు. ఆవిడ "కియేనెస్?" అని అడిగేవారు, ఎవరు అని. ఫ్యాక్టరీలవాళ్ళు, ప్రభుత్వంవాళ్ళు, జనం. "గీ వాళ్ళు అనేటోళ్ళు ఎక్కడుంటరు బేటా? నేను చానా ఊర్లు తిరిగిన. ఒక్కడన్న నాకు దొరకలే" అన్నారు. నా వంతు వచ్చింది. నేనూ కొంతామినాన్ అనే మొదలుపెట్టి, మా వాగులో రంగు నీళ్ళు కలుపుతున్నారని చెప్పాను. కనుబొమ్మ లేచింది. ఎవరని అడిగారు. కాక ముఖం కళ్ళ ముందు మెదిలింది. చెబితే కాకను నలుగురిలో దోషిగా నిలబెట్టినట్టవుతుంది, చెప్పకపోతే నా వాక్యం అబద్ధమవుతుంది. ఆవిడ రెట్టించలేదు. కూర్చోమని, సాయంత్రం ఇంటికి రమ్మన్నారు.

పంజాగుట్ట వెనక సందులో ఆవిడ ఇల్లు. చాయ్ ఇచ్చి, నన్నేమీ అడక్కుండా తన చిన్ననాటి కథ ఎత్తుకున్నారు. పక్కింట్లో తెలుగువాళ్ళు. వాళ్ళమ్మాయి లచ్మి ఈవిడకు జోడు. ఒకరోజు ఈవిడ లచ్మితో, రేపు మనం లక్డీకాపూల్‌కు పెళ్ళికి పోతున్నాం అని చెప్పారట. చెప్పాలనుకున్నది 'మేము'. తెల్లారేసరికి లచ్మి తలదువ్వుకుని, పూలు పెట్టుకుని, కొత్త పరికిణీతో గుమ్మంలో నిలబడింది. "మా అమ్మీ లచ్మిని జూసింది, నన్ను జూసింది. ఒక్క మాట అనలే. రిక్షాల కూసున్నోళ్ళతోని, జర జరుగుర్రి అన్నది. గంతే. గా పెళ్ళిల లచ్మి నాకన్న ఎక్కువ డబుల్ కా మీఠా తిన్నది." మనం ఏదో మేము ఏదో తర్వాత ఆ లచ్మే తిడుతూ నేర్పిందట. స్పానిష్‌లో కూడా హమ్ లాగే రెండిటికీ 'మోస్' ఒక్కటే తోక, అందుకే ఎదుటివాళ్ళు కియేనెస్ అని అడుగుతారని చెప్పి, మేడమ్ చాయ్ కప్పు కింద పెట్టారు. "తెలుగోళ్ళ కాడ గింత మంచి మాటలు రెండున్నయ్. వాడుకోవాలె గద. ఖరాబు చేసిన కాడ మేము అనాలె. బాగు చేసే కాడ మనం అనాలె. దునియాల ఉల్టా అనేటోళ్ళే ఎక్కువ."

అప్పుడు నాకు నోరు తెరుచుకుంది. కాక కార్ఖానా గురించి, తొట్ల నీళ్ళు వదిలిన రోజు వాగు ఎర్రగానో నీలంగానో పారితే పిల్లలమంతా కేరింతలు కొట్టడం గురించి, ఆ రంగులతోనే నా చదువు గడిచిన సంగతి గురించి, అన్నీ చెప్పాను. ఆవిడ చివరిదాకా విని, పలక తీసి ఒక్క అక్షరం దిద్దించారు. లింపియామోస్ అంటే శుభ్రం చేస్తాము. నడుమ ఉన్న 'ఆ' తీసి 'ఏ' పెడితే లింపియేమోస్, శుభ్రం చేద్దాం. చేస్తాము అన్నదాంట్లో ఎదుటి మనిషి ఉండొచ్చు, ఉండకపోవచ్చు, చేద్దాం అన్నాక ఎదుటి మనిషి కూడా అందులో ఉన్నట్టే. చీకటి పడేలోగా హాస్టల్‌కు పొమ్మని ఆవిడే ఆటో ఎక్కించారు.

ఇంటర్వ్యూ పంజాగుట్ట పెద్ద రోడ్డు మీద అద్దాల మేడలో జరిగింది. చల్లటి గదిలో ఫోన్ ముందు కూర్చోబెట్టారు. సముద్రాల ఆవలి నుంచి ఒక నడివయసు స్త్రీ గొంతు, ప్రతి మాటా కాస్త ఆలస్యంగా వచ్చేది. చెట్లు, ప్లాస్టిక్ గురించి బట్టీ పట్టి సిద్ధంగా ఉన్నాను. మీరుండే చోట సమస్య ఏమిటని ఆమె అడగగానే ఆ బట్టీ అంతా ఎక్కడికి పోయిందో తెలియదు. అలవాటుగా కొంతామినాన్ అన్నాను. ఆగి, కొంతామినామోస్ అని మార్చాను. పాడు చేస్తున్నాము. కియేనెస్ అని అడిగింది. "మి ఫమీలియా" అన్నాను, మా ఇంటివాళ్ళమే అని. ఉద్యోగం ఇక్కడితో సరి, కాక కార్ఖానాయే గతి అనుకున్నాను. అద్దకానికి మాట గుర్తు రాక, రంగులున్న నీళ్ళు అని నెట్టుకొచ్చాను. తోకలు మాత్రం తప్పలేదు. మరి ఏం చేయాలంటావని ఆమె అడిగింది. లింపియేమోస్ అన్నాను. మళ్ళీ కియేనెస్, ఈసారి గొంతులో నవ్వుంది. "ఉస్తేద్ ఇ యో" అన్నాను. మీరూ, నేనూ. మీ వీధిలో మురుగు పొంగితే మీరు చెప్పండి, నేను రాసుకుంటాను, అక్కణ్ణుంచి మొదలుపెడదాం అని వచ్చీరాని స్పానిష్‌లో చెప్పాను. కాస్త ఆలస్యంగా అవతలి నుంచి ఆమె నవ్వు వినబడింది. ఎల్లమ్మకు బోనాలు కదిలేనాటికి నాకు ఉద్యోగం ఉంది. మెట్లు రెండేసి ఎక్కి వెళ్ళి చెబితే, మేడమ్ మొదట అద్దకపు రంగును తింతే అంటారని చెప్పి, పలక నిండా రాయించి, ఆ తర్వాతే నన్ను దగ్గరకు తీసుకున్నారు.

మొదటి సెలవుకు ఊరెళ్ళినప్పుడు కాకతో వాగు ఒడ్డున కూర్చున్నాను. అంతకు ముందు ఆఫీసర్లు వచ్చి మీరు వాగును పాడు చేస్తున్నారు అన్నారు, కాలేజీ పిల్లలు నినాదాల అట్టలు పట్టుకుని వచ్చి వాళ్ళూ మీరు అనే అన్నారు. కాక అందరికీ చాయ్ తాగించి పంపాడు. "కాకా, మనం ఏమన్న చేద్దం" అన్నాను. ఆయన బీడీ పక్కన పెట్టి నా వైపు చూశాడు. "మనం అంటున్నవ్. నువ్వు సుత ఉంటవా మరి?" ఉంటానన్నాను. ఆ సెలవంతా ఆయనతో కలిసి గుంతలు తవ్వించి, తొట్ల నీళ్ళను వాటిలోకి మళ్ళించి, సున్నం, పటిక వేసి రంగు అడుగుకు దిగేలా చేశాం. నీళ్ళు తేటపడ్డాయని గొప్పలు చెప్పను. ఎరుపు గులాబీ అయింది, నీలం పలచబడింది. కానీ పక్క కార్ఖానా ఆయన వచ్చి చూసి తనకూ ఒక గుంత కావాలన్నాడు. అప్పటికి నాకు అది చాలు.

కొన్నేళ్ళకు మెట్రో పనులు మొదలై, జిరాక్స్ దుకాణం ఉన్న మేడ రోడ్డు వెడల్పులో పోతుందని తెలిసింది. గది ఖాళీ చేసేరోజు ఆఫీసుకు వెళ్ళే దారిలో అక్కడికి వెళ్ళాను. బల్ల, స్టూళ్ళు, పలకలు, ఫ్లాస్కు అన్నీ ఆటోలోకి ఎక్కేశాయి. మేడమ్ కూడా ఎక్కి, సామాన్ల మధ్య ఒదిగి కూర్చున్నారు. వెళ్ళొస్తానని చెప్పాల్సింది ఆవిడో నేనో తెలియక, ఎక్కడికి వెళ్తున్నారని అడిగాను. "మనం టోలిచౌకి పోతున్నం, మా చెల్లె ఇంటికి" అన్నారు. పాత పొరపాటు మళ్ళీ చేశారనుకుని దిద్దబోయాను. కనుబొమ్మ లేచింది. ఒడిలోని ఫ్లాస్కును చంకలోకి తీసుకుని, స్టూలు ఒకటి లోపలికి నెట్టి, "జర జరిగిన గద, కూసో" అన్నారు. ఆ రోజు నేను ఆఫీసుకు వెళ్ళలేదు.

మేడమ్ ఇప్పుడు లేరు. ఆవిడంటే నాకు ఎంత ఇష్టమో ఆవిడకు తెలుసు, అదొక తృప్తి. నేను ఇప్పుడు మా ఆఫీసులో కొత్తగా చేరేవాళ్ళకు ఆ మాటలే నేర్పుతున్నాను, తెలుగు తోకలు పట్టించే. అపార్ట్‌మెంట్ మీటింగులో ఎవరైనా చెత్త వేస్తున్నారండీ అంటే, నా నోట్లోంచి దానంతటదే కియేనెస్ వచ్చేస్తుంది. నన్ను మీటింగులకు పిలవడం మానేస్తే బాగుండునని మా కార్యదర్శికి ఉంది, నాకు తెలుసు.

రైలు అమీర్‌పేట దాటింది. ఫోన్ పెట్టేసిన పిల్ల కమ్మీ పట్టుకుని ఊగుతోంది, పక్కన తల్లి బరువు సంచీతో నిలబడి ఉంది. మేము అనాలమ్మా అని దిద్దుదామని నోటిదాకా వచ్చింది. దిద్దలేదు. సీటు నిండా మనుషులమే, ఖాళీ అన్నది లేదు. తల్లి చేతిలోని సంచీ నా ఒళ్ళోకి తీసుకుని, పక్కన కూర్చున్నావిడ వైపు తిరిగి, "కాస్త జరుగుదామా?" అన్నాను.