అత్త తెచ్చుకున్న పింగాణీ పిల్లి

పోయిన వారం తిరువళ్ళూరు బజారులో సెల్‌ఫోను బాగుచేయించుకుందామని ఒక అంగడిలోకి వెళితే, గల్లాపెట్టె మీద బంగారు రంగు ప్లాస్టిక్ పిల్లి ఒకటి బ్యాటరీతో చెయ్యి ఊపుతూ కనిపించింది. అది జపాను వాళ్ళ అదృష్టపు పిల్లి అనీ, ఇంట్లో పెట్టుకుంటే అన్నీ కలిసొస్తాయనీ అంగడతను నాకు చెబుతుంటే నవ్వాగలేదు. అలాంటి పిల్లి కోసం మా ఇంట్లో ఒకావిడ వీధి వీధంతటితో పోట్లాడిన సంగతి, శకునం చూడకుండా గడప దాటని కాలంలో పెరిగిన మీకు చెబితేనే అర్థమవుతుంది.

మాది పొదటూరుపేటలో మగ్గాల వీధి. డెబ్బైలలో, నేను బడికి పోయే రోజుల్లో, మా నైనాకు అక్క అయిన మా అత్త ఒక ట్రంకు పెట్టెతో పుట్టింటికి తిరిగొచ్చింది. మామ మద్రాసు హార్బరులో పనిచేసేవాడు. ఓడవాళ్ళ దగ్గర కొన్న పింగాణీ పిల్లిని పెళ్ళయిన కొత్తలో ఆమెకు తెచ్చిచ్చాడట. జానెడు ఎత్తు, మీగడ లాంటి తెలుపు, మెడలో ఎర్రపట్టీ, దానికొక చిన్న గంట, రమ్మని పిలుస్తున్నట్టు చెవిదాకా ఎత్తిన ఎడమ చెయ్యి. మామ జ్వరంతో పోయాక అత్తింటివాళ్ళు ముందు ఆ పిల్లి అడుగుపెట్టిన వేళ మంచిది కాదన్నారు, ఆ తర్వాత ఈమె అడుగుపెట్టిన వేళ కూడా మంచిది కాదన్నారు. అత్త నగలడగలేదు, పాత్రలడగలేదు, పిల్లిని పాత చీరలో చుట్టుకుని వచ్చేసింది.

దాన్ని పెట్టెలోనే ఉంచమని మా అవ్వ బతిమాలింది. అత్త వినలేదు, వీధివైపు కిటికీలో కూర్చోబెట్టి, శుక్రవారం శుక్రవారం తడిగుడ్డతో తుడిచేది. చీరల మూటలు ఎత్తుకుని తిరుత్తణి బస్సుకి పోయేవాళ్ళు మా ఇంటి ముందుకొచ్చేసరికి తల తిప్పుకునేవాళ్ళు, పిల్లిని చూసో, దాని వెనక మగ్గానికి నూలు కండెలు చుడుతూ కూర్చున్న అత్తను చూసో నాకు తెలియదు.

ఒకనాడు వీధి పెద్ద ఒకాయన, మా నైనావాళ్ళకు వరసకి మామ, ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకొచ్చి దాన్ని తీసెయ్యమన్నాడు. అది కంటబడిన రోజు సరుకు అమ్ముడుపోకుండా తిరిగొస్తోందని వాళ్ళ ఫిర్యాదు. నైనా మగ్గం గుంటలోంచి లేచేలోగానే అత్త వాకిట్లో ఉంది.

"అది యాడికీ నడిచి రాలేదే మామా," అంది. "పెట్టినచోటే కూసోనుండాది. మీరే గదా దానికి అడ్డం పోతావుండేది? శకునం చూసుకోవాల్సింది అది."

వచ్చినవాళ్ళలోనే ఒకడు కిసుక్కున నవ్వాడు. పెద్దాయన కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. పిల్లి కిటికీలోనే ఉండిపోయింది.

అంత పొగరుగల మనిషీ నా దగ్గరికొచ్చేసరికి తగ్గిపోయింది. నేను టైపు నేర్చుకుని, ఎనభైల మొదట్లో ఆవడిలో ఒక ఆఫీసుకి ఇంటర్వ్యూకి బయలుదేరిన పొద్దున, ఎవరూ చెప్పకముందే అత్త వెళ్ళి వంటింటి తలుపు వేసుకుంది. అమ్మ నాకు ఎదురు రమ్మని పక్కింటి ముత్తైదువను పిలుచుకొచ్చింది. పిల్లి కోసం వీధినంతా నిలదీసిన మనిషి తన కోసం ఒక్క మాటైనా అనకుండా దాక్కోవడం చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. తలుపు నెట్టి, చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను.

"వొద్దు తల్లీ, రేపు ఏమన్నా అయితే నా మీదికే వచ్చేది," అంది అత్త.

"రానీ. నువ్వు ఎదురు రాకుంటే నేను బస్సే ఎక్కను," అన్నాను.

అవ్వ ఏడుపు లంకించుకుంది. నైనా మగ్గం ఆపి వచ్చి, పక్కింటావిడను కాస్త జరగమని, "రా అక్కా, బస్సుకి టైమవతావుండాది," అన్నాడు. అత్త వీధి మొదటిదాకా వెళ్ళి, అక్కడినుంచి నాకు ఎదురుగా నడిచొచ్చింది. తల దించుకునే మొదలుపెట్టింది గానీ, మా ఇల్లు చేరేసరికి ఎత్తింది.

ఆ ఉద్యోగం నాకు రాలేదు. వీధివాళ్ళు పండగ చేసుకున్నారు. ఇంకోచోటినుంచి పిలుపొస్తే మళ్ళీ ఆమెనే ఎదురు రమ్మన్నాను, అదీ రాలేదు. ఆ తర్వాత ఆవడిలోనే ఇంకో ఆఫీసు పిలిస్తే దానికీ అంతే మొండిగా ఆమెనే రమ్మన్నాను, అది వచ్చింది. వచ్చినందుకు ఆమె శకునం మంచిదని నేననను, రానందుకు చెడ్డదని ఇంకొకర్ని అననివ్వను. అప్పటికి నా టైపులో తప్పులు తగ్గాయి, అంతే.

ఆవడిలో ఇల్లు తీసుకున్నాక అత్తను నాతో తీసుకుపోయాను. అక్కడి ఇరుగుపొరుగు ఆడవాళ్ళు రేడియో పక్కనున్న పిల్లిని చేతిలోకి తీసుకుని, ఇంత ముద్దుగా ఉందే, ఎక్కడిదని అడిగేవాళ్ళు. "మా ఆయన తెచ్చిచ్చినాడు," అనేది అత్త, మామ ఇప్పుడే డ్యూటీకి పోయినట్టుగా. పొదటూరుపేటలో ఉన్నన్నాళ్ళూ ఆ మాట ఆమె నోట నేను విననేలేదు.

అత్త పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పటి పిల్లలు ఎంత పెద్ద పనికైనా బండి తీసుకుని చప్పున వెళ్ళిపోతున్నారు, ఎదురెవరొచ్చారో చూసే తీరిక ఎవరికీ లేదు. ఆ పిచ్చి పోయినందుకు నేను ఒక్క కన్నీటిబొట్టు కూడా రాల్చను. కానీ దాంతోపాటే, మనం ఒక పని మీద బయలుదేరితే ఇల్లంతా చేతిలో పని వదిలేసి వాకిట్లోకొచ్చి నిలబడడం కూడా పోయింది. అది మాత్రం ఉండాల్సింది.