వెనక ఇరుసు మోత

పాత జీపుల మెకానిక్‌కి కొలిచే పరికరాలంటే గిట్టదు. వెనక చక్రాలు పైకి లేపి, బండి యజమానిని యాక్సిలరేటర్ తొక్కమని చెప్పి, స్క్రూడ్రైవర్ మొన ఇరుసు మధ్య పళ్లచక్రాలుండే డిఫరెన్షియల్ పెట్టె మీద పెట్టి, పిడి చెవికి ఆనించి కళ్లు మూసుకుంటాడు. లోపల పళ్లు కుదిరాయో లేదో ఆ చెవి చెప్పాల్సిందే. ఈ జీపుకి పాత ఇరుసు తీసేసి బలమైనది వేశాడు. మోత వస్తోందని యజమాని రెండుసార్లు తిరిగి తెచ్చాడు. ఇవాళ మూడోసారి విప్పి బిగించి, చక్రాలు తిప్పించి చెవి ఆనించాడు.

"ఇంక నోరెత్తదు," అన్నాడు కళ్లు తెరిచి. యజమాని తల దించుకున్నాడు.

అన్నం తెచ్చిన మెకానిక్ భార్య గిన్నె కింద పెట్టి చెవులు మూసుకుంది. "ఏంటండీ ఆ కూత? వీధి చివరిదాకా వినిపిస్తోంది."

"ఏ కూత?" అన్నాడు మెకానిక్.

ఆమె తిరుగుతున్న ఇరుసు వైపు వేలు చూపించింది. అతను స్క్రూడ్రైవర్ రెండో చెవికి మార్చాడు. చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. ఆ చెవికీ కూత వినిపించలేదు.