లేనోళ్ళ తరపున

మా పక్కింటి ఉర్దూ సారు పోయారు. జగిత్యాల దవాఖాన నుంచి ఇంటికి తెచ్చి, మొన్న కోరుట్లలోనే మట్టి ఇచ్చాం. నేను ఎంత ఆటపట్టించినా కోపం తెచ్చుకోని మనిషి ఈ గల్లీలో ఆయనొక్కరే. ఇప్పుడు సాయంత్రమైతే ఎవరి జోలికి పోవాలో తోచడం లేదు.

నా చదువు నాలుగో తరగతి. నా ఉర్దూ బట్టల కొట్టులో బేరాలాడి నేర్చుకున్నది. అది వినలేక, రిటైరయ్యాక సారే నన్ను తన అరుగు మీద కూర్చోబెట్టుకొని దిద్దేవారు. ఉర్దూలో అతడైనా ఆమైనా 'వో'నే.

"గిదేం భాష సార్? ఆడా మగా తెల్వకపాయె. పెండ్లి సంబంధాలెట్ల చూస్తరు మీరు?" అన్నాను.

చాయ్ పొలమారేదాకా నవ్వారు. "క్రియల తెలుస్తది భాయ్ సాబ్. వాక్యం అయ్యేదాక ఆగాలె. మీకు గదే లేదు."

మర్యాద కూడా ఆ చివర్లోనే. 'వో ఆతా హై' అంటే వాడొస్తాడు. 'వో ఆతే హైఁ' అంటే వారొస్తారు. సారు నోట ఎవరి గురించీ మొదటిది రాగా నేను వినలేదు. పాలలో నీళ్ళు కలిపేవాడూ ఆయనకు 'వారే'. అందుకే వాళ్ళ మేకను చూపించి, "వారు ఆకులు మేసిన్రా సార్?" అని అడిగేవాణ్ణి. ఎన్నిసార్లు అడిగినా కొత్తగా నవ్వేవారు.

ఒకసారి మా తమ్ముడి మీద వాక్యాలు చెప్పమన్నారు. వాడు సిరిసిల్లలో మరమగ్గాలు, అదే మా సాంచెలు, నడుపుతాడు. బిడ్డ పెండ్లికి ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవకుండా ఫోన్లో కార్డు పంపాడు. అప్పటి నుంచి మాకు మాటల్లేవు.

"వానికి హైఁ ఎందుకు సార్? హై చాలు."

"ఆయన ఈడ లేరు గద. లేనోళ్ళ తరపున ఎవరు మాట్లాడాలె? గా అరసున్నంత మర్యాదన్న ఉంచుర్రి."

పండ్లు కొరుకుతూ ఉర్దూలో చెప్పాను. నా తమ్ముడు సిరిసిల్లలో ఉంటారు. వారు సాంచెలు నడుపుతారు. ఆ తర్వాత రోజూ పాఠం దాంతోనే మొదలు.

మొన్న ఖబరస్తాన్‌లో వెనక్కి తిరిగితే తమ్ముడు. జుట్టంతా నెరిసిపోయింది. సారు కూతురి అత్తగారిల్లు వాడి సాంచెల పక్కనేనట. బిడ్డను చూడబోయినప్పుడల్లా సారు వాణ్ణీ పలకరించేవారట. ఇద్దరం మట్టి వేశాం. చేతులు దులుపుకుంటూ వాడే దగ్గరికొచ్చాడు.

"అన్నా, నన్ను 'వారు' అంటవట గదా. సారు చెప్పిండు. దినాం నన్నే యాది జేస్తవన్నడు."

అది పాఠమని మాత్రం సారు చెప్పలేదు. ఆ ముక్క నా నాలుక చివరిదాకా వచ్చింది. తడిమట్టి వైపు చూశాను. ఇప్పుడు ఆయనా ఇక్కడ లేరు.

"అవురా. 'వారు' అనే అంట."

"మరి ఒక్క ఫోన్ జెయ్యకపోతివి?"

"నువ్వు బొట్టు పెట్టకపోతివి."

తమ్ముడు రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

తమ్ముణ్ణి వెంటబెట్టుకొని ఇంటికొస్తే సారు అరుగు ఖాళీగా ఉంది. ఆ దుఃఖంలో మేకను ఎవరూ పట్టించుకోలేదు. అలవాటు కొద్దీ నోరు జారాను. "వారు పొద్దటి సంది ఏం తినలే."

నవ్వేవారు లేరు. తమ్ముడికి అర్థం కాలేదు. అయినా పోయి రెండు సుబాబుల్ కొమ్మలు విరుచుకొచ్చి దాని ముందర వేశాడు. అది తినడం అయ్యేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం.