వదిన ఇంగ్లిష్ కోసం ఆబిడ్స్ మీదుగా నాంపల్లికి

మెదక్ నుంచి నాంపల్లికి నేను సరదాకు వెళ్లలేదు. పక్షవాతం వచ్చిన మా అన్నను అక్కడి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఐసీయూలో పెట్టారు. తోడున్న వదిన శనివారం ఫోన్ చేసింది. "డాక్టర్లు అంత ఇంగ్లిష్‌లనే మాట్లాడుతున్రు కరుణా. మీ అన్న బతుకుతడో లేదో నాకు తెలుస్తలేదు. ఇంగ్లిష్ నేర్పే పుస్తకం ఏదన్న తీస్కరా" అంది. ఇలాంటి ప్రయాణం ఎవరికీ రాకూడదు. వస్తే పనికొస్తుందని దారి కూడా రాస్తున్నాను.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కి జేబీఎస్‌లో దిగాను. ఆటో ఆయన చెప్పిన కిరాయితో మళ్లీ మెదక్ పోయి రావచ్చు. అందుకే మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో రైలు మారి, నాంపల్లిలో దిగాను. అక్కడి నుంచి ఆబిడ్స్‌కు నడిచే వెళ్లొచ్చు. ఆదివారాలు ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు పరుస్తారు. ఆసుపత్రి సంభాషణలున్న పుస్తకం ఒకటి దొరికింది. అమ్మేవాడు వంద చెప్పాడు. మా మనిషి దవాఖానలో ఉన్నాడంటే, "గట్లయితే యాభై ఇయ్యమ్మా, ఫికర్ జెయ్యకు" అన్నాడు. మొజంజాహీ మార్కెట్‌లో బత్తాయిలు కూడా కొన్నాను. ఐసీయూలో ఉన్నవాడు ఎలా తింటాడని ఆలోచించనేలేదు.

వదిన ఐసీయూ బయట మెట్ల మీద కూర్చుని ఉంది. చదివింది ఏడో తరగతే అయినా అప్పటికే కొన్ని మాటలు పట్టేసింది. "స్టేబుల్ అంటే గట్లనే ఉన్నడని. క్రిటికల్ అంటే భయమని. ఎవ్వలు చెప్పలే, ఇంటుంటే తెలిసింది" అంది. పుస్తకం చూసి 'హౌ ఈజ్ మై హస్బెండ్' అని నేర్పించాను. నాలుగైదు సార్లు పలికి చూసుకుంది. నేను టీ తేవడానికి కిందికి వెళ్లాను.

తిరిగొస్తుంటే వదిన గబగబా మెట్లు దిగుతూ ఎదురైంది.

"యాడికి వదినా?"

"మందుల షాపుకు. నేను ఇంగ్లిష్‌ల అడిగిన, సిస్టర్ గూడ ఇంగ్లిష్‌లనే చెప్పింది. ఎక్స్‌పైర్డ్ అన్నది. ఎక్కిచ్చే మందు తారీకు దాటినట్టుంది, కొత్తది తెస్త."

మా దగ్గర ఆ మాట మందు సీసాలకూ ఫోన్ రీచార్జికీ వాడతాం. మనుషులకు కూడా వాడతారని నాకు తెలుసు. ఆమె చేయి పట్టుకుని అక్కడే కూర్చోబెట్టాను.

"మందు గాదు వదినా. అన్న. అన్న లేడు."

వదిన తలెత్తి, తను దిగొచ్చిన మెట్ల వైపు చూసింది. "నేను థాంక్యూ సిస్టర్ అని చెప్పొచ్చిన గదనే" అంది.

చావు కబురు చల్లగా చెప్పడం అంటారే, అంతకన్నా చల్లగా చెప్పారు మాకు. ఆ సిస్టర్ మీద నాకు ఇప్పటికీ కోపమే. ఇంగ్లిష్‌లో అడిగింది కాబట్టి అర్థమవుతుందనుకుందేమో, అయినా భర్త పోయాడని భార్యకు చెప్పే తీరు అది కాదు. మీకు నేను చెప్పగలిగేది ఒక్కటే. ఇంగ్లిష్ ఎంత వచ్చినా సరే, ఐసీయూ తలుపు దగ్గర మాత్రం "మనిషి ఉన్నాడా, లేడా, తెలుగులో చెప్పండి" అని అడగండి.